గాలే కోట: ఒక రాత్రి లోపలే ఉండాలి

విశాఖ నుంచి శ్రీలంక వెళ్లేవాళ్లు చాలామంది గాలే కోటను కొలంబో నుంచి ఒక్కపూట చూపుగా పెట్టుకుంటారు. అలా చేయొద్దు. పొద్దున బయల్దేరిన కారు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ వేళ బురుజుల మీద గోరంత నీడ ఉండదు, సాయంత్రం చల్లబడే సమయానికి తిరుగుదారి పట్టాలి. కోట అందమంతా ఆ చివరి రెండు గంటల్లోనూ, మర్నాడు తెల్లవారుజామునా ఉంది.

చెన్నై మీదుగా కొలంబో చేరాక రైలు మంచిది. టికెట్ దగ్గర ఒక తికమక ఉంది: 'ఫోర్ట్' స్టేషన్ అంటే కొలంబోది, మనం దిగాల్సింది గాలేలో. సుమారు 116 కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటలు. సముద్రం కుడివైపు కిటికీలోంచి కనిపిస్తుంది. ఆఫీసులు వదిలే వేళ మాత్రం కాలు పెట్టే సందు ఉండదు కాబట్టి పెద్ద సూట్‌కేసులుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద కారే నయం. గాలే స్టేషన్ నుంచి కోటకి నడిచి వెళ్లిపోవచ్చు.

బసకి లోపలి సందుల్లోని పాత డచ్చి ఇళ్లు బాగుంటాయి. గది ఖాయం చేసేముందు మూడు అడగండి: ఏసీ ఉందా, కిటికీ బయటికి తెరుచుకుంటుందా, మేడమెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి? లోపెరటి వైపే కిటికీ ఉన్న గదుల్లో గాలాడక చెమ్మ వాసన వస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే కింది గదే తీసుకోండి. 1684 నాటి భవనంలో ఉన్న అమన్‌గల్ల హోటల్ చాలా ఖరీదు. పిల్లలకి ఈత ముఖ్యమైతే దగ్గర్లోని ఉనవటున బీచి సరైనది, కానీ తెల్లవారుజామున కోటలో ఉండాలంటే ఆటో మాట్లాడుకోవాలి.

నాలుగున్నరకి గడియారస్తంభం దగ్గర మొదలుపెట్టి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడిస్తే స్టార్, నెప్ట్యూన్, ట్రైటన్ బురుజులు దాటి సూర్యాస్తమయానికి ఫ్లాగ్ రాక్ బురుజు చేరతారు. చాలాచోట్ల పిట్టగోడ లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు. రెండో పొద్దున లైట్‌హౌస్, తూర్పు గోడ, పాత ద్వారం చూడండి. ద్వారానికి బయట బ్రిటిష్ చిహ్నం, లోపల కోడిపుంజుతో డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తు, 1669 అన్న అంకె ఉంటాయి. పోర్చుగీసులు 1588లో మొదలుపెట్టిన కోటని 1640లో డచ్చివాళ్లు పట్టుకుని ఈ రూపానికి తెచ్చారు.

1755 నాటి డచ్చి చర్చిలో నేలంతా సమాధి ఫలకాలే. భీమిలి డచ్చి శ్మశానం తెలిసినవాళ్లు ఇక్కడ తప్పక ఆగాలి, రెండు చోట్లా ఉన్నది ఒకే కంపెనీ మనుషులు. 2004 సునామీలో కోట బయటి బస్టాండూ క్రికెట్ మైదానమూ మునిగినా, గోడలు లోపలి ఊరిని చాలావరకు కాపాడాయి. మన తీరం వాళ్లకి ఆ గోడల మందం చూస్తేనే సంగతి అర్థమవుతుంది.

శాకాహారులు ఒక్కటి గట్టిగా చెప్పాలి: సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో ఉంబలకడ, అంటే ఎండుచేప పొడి, వేస్తారు, 'ఉంబలకడ వద్దు' అనండి. పరిప్పు, అంటే పప్పు, ఆప్పాలతో కడుపు నిండుతుంది. ఆటో డ్రైవరు తీసుకెళ్లే రత్నాల దుకాణాల్లో కమీషన్ కూడా ధరలోనే కలుస్తుంది, కొనకండి. డిసెంబరు నుంచి మార్చి దాకా వెళ్లండి. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలికి సముద్రం ఆ గోడల మీదికే విరుచుకుపడుతుంటుంది.