పద్దుల పుస్తకంతో మొదలైన కాపురం: జార్జెట్ హేయర్ ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’

ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ 1961లో వెలువరించిన ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ నవలలో కథానాయకుడు ఒక అమ్మాయిని ప్రేమిస్తూ మరొక అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు. అందుకు కారణం అప్పు. ఇంగ్లండు నేపథ్యంగా సాగే చారిత్రక ప్రేమనవలల్లో అప్పులపాలైన జమీందారు కుటుంబాలు చాలానే కనిపిస్తాయి కానీ, నాలుగు అధ్యాయాలు తిరిగేసరికి ఏ మేనమామ ఆస్తో కలిసివచ్చి ఆ అప్పు మాయమవుతుంది. ఈ నవలలో అలా జరగదు. అప్పు చివరిదాకా కథలోనే ఉంటుంది, పెళ్ళిని కుదిర్చేది అదే, కాపురంలో ప్రతి మాటనూ బరువెక్కించేదీ అదే. హేయర్ నవలల్లో ఎక్కువమంది ఆదరించేవి హాస్యం ఉరకలు వేసేవి. నాకు మాత్రం ఆమె రచనలన్నిటిలోనూ ఇదే మిన్న అనిపిస్తుంది, ఎందుకంటే ప్రేమ ఎలా పుడుతుందన్న దాని గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన ప్రేమనవల నేను మరొకటి చదవలేదు.

కథాకాలం 1814, 1815 సంవత్సరాలు. మూడవ జార్జి రాజుకు మతిస్థిమితం తప్పినందువల్ల పెద్దకొడుకు రాజప్రతినిధిగా పాలించిన రీజెన్సీ యుగం అది. స్పెయిన్ రంగంలో వెల్లింగ్టన్ సేనాపత్యం కింద, 52వ రెజిమెంటులో పోరాడుతున్న కెప్టెన్ ఆడమ్ డెవెరిల్ తండ్రి మరణవార్త విని ఇంటికి వస్తాడు. వైకౌంట్ లింటన్ అన్న బిరుదూ, లింకన్‌షైర్‌లో ఫోంట్లీ అనే పూర్వీకుల భవంతీ, దాన్ని చుట్టుకుని ఉన్న పొలాలూ అతనికి సంక్రమిస్తాయి. వాటితోపాటు తండ్రి విలాసాలు మిగిల్చిన బాకీలూ, తాకట్టు పత్రాలూ, పోషించవలసిన తల్లీ, పెళ్ళి కావలసిన చెల్లెళ్ళూ కూడా. భవంతి అమ్మేయడమా, లేక డబ్బున్న పిల్లను చేసుకోవడమా అన్న రెండే దారులు మిగిలినప్పుడు, అతను ప్రేమించిన జూలియా తండ్రే స్వయంగా ఒక సంబంధం చూపిస్తాడు. ఆ అమ్మాయి జెన్నీ, లండన్ నగరపు కోటీశ్వరుడైన వర్తకుడు జొనాథన్ చాలీ ఒక్కగానొక్క కూతురు, పైగా జూలియాతో కలిసి చదువుకున్న స్నేహితురాలు.

ఈ ఏర్పాటు ఎంత పటిష్ఠమైనదో అర్థం కావాలంటే అప్పటి చట్టం కొంత తెలిసి ఉండాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్ళైన స్త్రీకి విడిగా ఆస్తి లేదు, ముందుగా రాసుకున్న ఒప్పందం ఏదైనా రక్షిస్తే తప్ప ఆమె సొమ్ము భర్త సొమ్మే. ఈ పరిస్థితి పూర్తిగా మారడానికి 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం రావలసి వచ్చింది. కాబట్టి పెళ్ళికి ముందు రెండు పక్షాల వకీళ్ళూ కూర్చుని రాసుకునే పత్రాలే అసలు పెళ్ళి. కూతురికి బిరుదు కావాలి, అల్లుడికి తాకట్టు విడిపించుకోవాలి. ఇది మనకు కొత్త లెక్క కాదు. హేయర్ ఈ బేరాన్ని దాచిపెట్టదు, దాని మీద పూలూ చల్లదు. బేరం కుదిరిన తరవాత ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉదయపు ఫలహారానికి కూర్చోవలసి వస్తే ఏం మాట్లాడుకుంటారన్నదే ఆమెకు ముఖ్యం.

జెన్నీ పొట్టిగా, కాస్త లావుగా, చూడగానే ఎవరికీ గుర్తుండని ముఖంతో ఉంటుంది. తండ్రి బలవంతం మీద ఖరీదైన నగలన్నీ ఒంటి మీద దిగేసుకుంటుంది, బిడియం వల్ల మాట కటువుగా వస్తుంది. ఇలాంటి నాయికను చివరికి అందగత్తెగా మార్చి చూపించడం ఈ తరహా నవలల ఆనవాయితీ. హేయర్ ఆ పని చేయలేదు. ఆఖరి పేజీలో కూడా జెన్నీ మొదటి పేజీలో ఉన్నట్టే ఉంటుంది, మారేది ఆడమ్ చూపు మాత్రమే. భర్తకు ఏ వంటకం ఇష్టమో, ఎప్పుడు మాట్లాడకుండా వదిలేయాలో, ఇంటికి ఎవరిని పిలిస్తే అతని మనసు తేలికపడుతుందో ఆమె ఒక్కొక్కటిగా నేర్చుకుంటుంది. అత్తగారి నిట్టూర్పులను ఓపికగా భరిస్తుంది, చిన్న ఆడపడుచు లిడియాను సొంత చెల్లెలిలా దగ్గరకు తీస్తుంది. ఇవన్నీ చేస్తున్నది కేవలం కర్తవ్యంగా కాదనీ, పెళ్ళికి ముందునుంచే ఆమె మనసు ఆడమ్ మీద ఉందనీ పాఠకుడికి తెలుస్తుంది. ఆడమ్‌కు తెలియదు. ఆ ఎడం ఈ నవలకు గుండెకాయ. పైకి ఏ గొడవా లేని ఒక సంభాషణ చదువుతుంటే, ఆమె మింగిన మాట ఏమిటో మనకు వినబడుతూనే ఉంటుంది, ఒకటి రెండుచోట్ల గొంతు పట్టేస్తుంది కూడా.

అయినా ఈ పుస్తకంలో అందరికంటే గట్టిగా నిలబడే పాత్ర మామగారిదే. చాలీ పెద్ద గొంతు, పెద్ద శరీరం, పెద్ద ఖర్చు ఉన్న మనిషి. ఇవ్వడమే ప్రేమ అనుకుంటాడు. అల్లుణ్ణి ఒక్క మాట అడగకుండా లండన్‌లోని ఇల్లంతా కళ్ళు చెదిరే కొత్త సామానుతో నింపేస్తాడు, అడగని కానుకలు పంపిస్తాడు, పుచ్చుకోకపోతే నొచ్చుకుంటాడు. ఆడమ్‌కు ప్రతి కానుకా ఒక గుచ్చు. కృతజ్ఞత చూపించాలి, కానీ తన ఇంట్లో తానే అతిథి అయిపోకూడదు. ఫోంట్లీని మాత్రం ముట్టుకోవద్దని అతను పట్టుబట్టడం, పొలాల్లో మురుగునీటి కాలువలకూ పంటమార్పిడికీ డబ్బు పెట్టడం ఎందుకో ఆ వర్తకుడికి ససేమిరా అర్థం కాకపోవడం చాలా చక్కగా వచ్చాయి. నార్ఫోక్‌లోని హోకమ్‌లో థామస్ కోక్ అనే భూస్వామి చేసి చూపించిన వ్యవసాయ ప్రయోగాలు ఆ కాలంలో దేశమంతా ప్రసిద్ధి, ఆడమ్ ఆశలన్నీ ఆ దారిలోనే ఉంటాయి. మామగారి సహాయం కింద నలిగిపోయిన అల్లుళ్ళను ఎరిగినవారు ఈ భాగాలను ఊరికే చదివి వదిలిపెట్టలేరు.

చాలీని మోటుమనిషిగానే ఉంచేసి ఉంటే ఇది సామాన్యమైన నవల అయ్యేది. కానీ అతనికి పింగాణీ అంటే ప్రాణం. ఇంట్లో మిగతా వస్తువులన్నీ ధర చూసి కొన్నవే అయినా, ఆ పింగాణీ పాత్రలను మాత్రం అందం చూసి కొంటాడు. వాటి గురించి మాట్లాడేటప్పుడు అతని గొంతూ చేతులూ మెత్తబడతాయి, అంతవరకూ ఇబ్బందిగా కూర్చున్న ఆడమ్ తన ఎదుట ఉన్నది మరో మనిషి అని గ్రహిస్తాడు. ఒక మనిషి మీద మనకున్న అభిప్రాయం తలకిందులు కావడానికి రచయిత్రి ఉపదేశాలేవీ ఇవ్వలేదు, ఒక గిన్నెను అతని చేతికిచ్చి ఊరుకున్నారు.

హేయర్ చరిత్రను ఎంత లోతుగా వాడుకున్నారో చెప్పడానికి ఒక్క ఘట్టం చాలు. జెన్నీ గర్భవతి అయినప్పుడు, కూతురిని పోగొట్టుకుంటానేమోనన్న భయంతో చాలీ లండన్‌లో అత్యంత పేరున్న ప్రసూతి వైద్యుణ్ణి పిలిపిస్తాడు. ఆ వైద్యుడు డాక్టర్ క్రాఫ్ట్. బిడ్డ పెరిగిపోకుండా తల్లికి ఆహారం తగ్గించాలన్న అప్పటి సిద్ధాంతం ప్రకారం ఆమెను అర్ధాకలితో ఉంచుతాడు, ఆమె నానాటికీ నీరసించిపోతుంది. క్రాఫ్ట్ కల్పిత పాత్ర కాదు. 1817 నవంబరులో రాజప్రతినిధి కుమార్తె షార్లెట్ రాకుమారికి కాన్పు చేసినది ఆయనే. బిడ్డ చనిపోయి పుట్టింది, కొన్ని గంటలకే తల్లీ కన్నుమూసింది, మరుసటి సంవత్సరం ఆ వైద్యుడు ఆత్మహత్య చేసుకున్నాడు. నవల 1815లోనే ముగుస్తుంది కనుక ఈ సంగతి కథలో ఎక్కడా రాదు. తెలిసిన పాఠకుడికి మాత్రం ఆడమ్ మొదటిసారి మామగారికి ఎదురు నిలిచి, ఆ పథ్యం మానిపించి, భార్యను పల్లెగాలికి ఫోంట్లీకి తీసుకుపోయే అధ్యాయంలో అరచేతులు చెమటపడతాయి. ఆమెను భార్యగా అతను తొలిసారి చూసుకున్నది అక్కడే అని నా నమ్మకం.

జూలియా విషయానికి వస్తే, రచయిత్రి ఆమె పట్ల కొంత కఠినంగా ఉన్నారు. ఆమె అందాన్నీ, సున్నితత్వాన్నీ, జనం మధ్య స్పృహ తప్పే బలహీనతనూ చూపించినంతగా ఆమె బాధను చూపించలేదు. ఆమె నిజంగానే మోసపోయిన పిల్ల కదా అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

ముగింపుకు ముందు వచ్చే వాటర్లూ భాగం ఉత్కంఠలో ఏ యుద్ధనవలకూ తీసిపోదు, అయితే ఇందులో యుద్ధరంగం ఒక్క క్షణం కూడా కనిపించదు. నెపోలియన్ ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకుని 1815 మార్చి 1న ఫ్రాన్సు తీరంలో దిగాడు. జూన్ 18న వాటర్లూలో యుద్ధం జరిగింది. వెల్లింగ్టన్ పంపిన విజయవార్తతో మేజర్ హెన్రీ పెర్సీ లండన్ చేరేసరికి జూన్ 21 రాత్రి అయింది. మధ్యలో గడిచిన ఆ మూడు రోజులూ నగరంలో పుకార్లదే రాజ్యం. ఓడిపోయామన్న మాట పాకుతుంటే ప్రభుత్వ రుణపత్రాల ధర జారిపోతుంది. ఉన్నవన్నీ వెంటనే అమ్మేయమని చాలీ అల్లుడికి కబురు పెడతాడు. వ్యాపారంలో ఎన్నడూ తప్పని మనిషి మాట అది. ఆడమ్ అమ్మడు, కొంటాడు. అతనికి బజారు తెలియదు, కానీ వెల్లింగ్టన్ తెలుసు, తన 52వ రెజిమెంటు తెలుసు. ఆ జూదం కేవలం డబ్బు కోసం కాదు, మామగారి ఉపకారం నుంచి బయటపడి తన కాళ్ళ మీద తాను నిలబడే ఏకైక అవకాశం కోసం. గెలిచిన తరవాత హేయర్ అతనికి ఇచ్చేదేమిటన్నది చదివి తెలుసుకోవలసినదే. నేను చెప్పగలిగింది ఇంతమాత్రమే, అది పెద్ద ప్రేమప్రకటన కాదు, ఆ సంయమనమే నాకు నచ్చింది. ముగింపు చప్పగా ఉందని నిరాశపడే పాఠకులున్నారు. ఉప్పెనలా వచ్చే ప్రేమను ఆశించి మొదలుపెడితే ఆ నిరాశ సహజమే, కానీ జెన్నీ మొదటినుంచీ అడిగింది అది కాదు.

లోపాలు లేవని కాదు. పుట్టుకలోనే సంస్కారం ఉంటుందన్న నమ్మకం హేయర్‌ను చివరిదాకా విడువలేదు. చాలీ ఎంత ప్రేమాస్పదుడైనా, అతని మాటతీరును నవ్వులాటకు వాడుకోవడం తరచు కనిపిస్తుంది. ఆడమ్ తన కౌలుదారుల క్షేమం గురించి ఆలోచిస్తాడు కానీ, ఆ కౌలుదారులూ కూలీలూ తమ నోటితో తమ కష్టం చెప్పుకోరు. బయటి ధాన్యం దిగుమతిని అడ్డుకుని భూస్వాముల ఆదాయాన్ని కాపాడిన ధాన్య చట్టం 1815 మార్చిలోనే వచ్చింది, లండన్ వీధుల్లో దాని మీద అల్లర్లూ జరిగాయి. రొట్టె ధర పెరిగితే ఎవరు ఏమైపోయారన్న ఆలోచన ఈ నవల పరిధిలోకి రాదు. అదే సంవత్సరాల్లో ఉత్తర సర్కారుల్లో, 1802 నుంచి అమలైన శాశ్వత శిస్తు పద్ధతి కింద, శిస్తు కట్టలేని జమీందారీలు వేలానికి వస్తూ ఉండేవి. లింకన్‌షైర్‌లో ఒక భవంతిని అప్పు మింగబోతుందని ఇంత ఆదుర్దాగా చదువుతున్న తెలుగు పాఠకుడికి, అక్కడి వర్తకుల సంపదకూ ఇక్కడి పాలనకూ మధ్య ఉన్న సంబంధం గుర్తుకు రాకుండా ఉండదు. రావాలి కూడా.

భాష విషయంలో ముందుగానే ఒక హెచ్చరిక అవసరం. రీజెన్సీ కాలపు యాస, సైనికుల పలుకుబడి, నగర వర్తకుల మాటతీరు ఇందులో దట్టంగా ఉంటాయి. మొదటి యాభై పేజీలు తాకట్టులూ వకీళ్ళూ కలిసి కొంత బరువుగా నడుస్తాయి. ప్రతి మాటకూ నిఘంటువు తెరవకుండా సంభాషణ ఊపులో ముందుకు సాగిపోతే, మూడోవంతు దాటేసరికి ఆ యాస చెవికి అలవాటవుతుంది. ధ్వనిపుస్తకంగా వినేవారికి చాలీ మాట మొదటినుంచే సులువుగా అందుతుంది. హేయర్‌ను ఇంతవరకు చదవనివారు దీనితో మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు ఆమె హాస్యనవలలు ఒకటి రెండు చదివి, అందమైన నాయికలూ చురుకైన నాయకులూ ఉన్న ఆ లోకానికి అలవాటుపడిన తరవాత జెన్నీ దగ్గరకు వస్తే, రచయిత్రి తాను కట్టుకున్న ఇంటి గోడలను తానే ఎంత ధైర్యంగా తొలగించారో తెలుస్తుంది. పెళ్ళై కొన్నేళ్ళు గడిచినవారైతే ఆ సన్నాహం కూడా అక్కర్లేదు, నేరుగా ఈ పుస్తకమే తీసుకోవచ్చు.