గెటిస్‌బర్గ్: లాడ్జి దండగ, గైడు బంగారం

అమెరికా సివిల్ వార్‌లో (ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం) 1863లో పెద్ద యుద్ధం జరిగిన పెన్సిల్వేనియా ఊరు గెటిస్‌బర్గ్ చూసొచ్చాం. మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ బిల్లు మాత్రం రాసి తీరాలి. రాత్రికి 189 డాలర్లని చూసి బుక్ చేశాం. తీరా వెళ్లాక పార్కింగ్‌కి 15, ‘పాత భవనం నిర్వహణ’ పేరుతో ఇంకో 22, వీటి మీద పన్నులు. మేడ మీద సివిల్ వార్ సైనికుడి దెయ్యం తిరుగుతుందట, అదీ వాళ్ల గొప్ప. ఏ రెజిమెంట్ వాడమ్మా అని మా బావగారు కౌంటర్‌లో అమ్మాయిని అడిగితే, తెలీదండీ, రాత్రి ఘోస్ట్ టూర్‌కి టికెట్ కొంటే చెప్తారు అంది. కిటికీ ఏసీ తెల్లార్లూ రోడ్డు రోలర్‌లా మోగింది, వేడినీళ్లు ఒకళ్ల స్నానానికే సరి. ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అంటే బేకన్, గుడ్లు. మా అత్తయ్యగారు ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీయబోతే బయటి తిండి తినకూడదని బోర్డు చూపించారు. పాపం ఆవిడ పార్కింగ్‌లో కారులో కూర్చుని తిని, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ చిరాకంతా వదలగొట్టింది గైడు. విజిటర్ సెంటర్‌లో లైసెన్స్ ఉన్న గైడ్లు దొరుకుతారు. మన కారే తీసుకుని ఆయనే నడుపుతూ రెండు గంటలు తిప్పుతాడు, ఫీజు మనిషికింత అని కాదు, కారుకింత. టిప్పు 20 ఇచ్చాం, ఇంకా ఇవ్వాల్సింది అని బావగారు ఇప్పటికీ అంటారు. మేం నార్త్ కరోలినాలో క్యారీ నుంచి వచ్చామని చెప్పగానే, అందరికీ చూపించే చోట్లు కాసేపు పక్కన పెట్టి, హెర్బ్స్ట్ వుడ్స్ అనే చిట్టడవి దగ్గర కారు ఆపాడు.

1863 జూలై 1 మధ్యాహ్నం కాన్ఫెడరేట్‌ల (దక్షిణ రాష్ట్రాల సైన్యం) 26వ నార్త్ కరోలినా రెజిమెంట్ 800 మందికి పైగా జనంతో విల్లోబీ రన్ అనే వాగు దాటి ఈ మిట్ట ఎక్కింది. మేముండే వేక్ కౌంటీ కుర్రాళ్లదే అందులో ఒక కంపెనీ. ఎదురుగా ఉత్తరాది సైన్యంలో ఐరన్ బ్రిగేడ్‌కి చెందిన 24వ మిషిగన్ రెజిమెంట్. ఆ వాగు ఇంతేనా అనిపిస్తుంది, మా వాడు చెప్పులు విప్పి దాటేస్తానన్నాడు. ఆ మిట్ట మీద ఒక్క పూటలో ఈ నార్త్ కరోలినా రెజిమెంట్‌లో సుమారు 588 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. కాల్డ్‌వెల్ కౌంటీ నుంచి వచ్చిన ఎఫ్ కంపెనీలో 91 మందికి 91 మందీ పడిపోయారు. జెండా పట్టుకున్నవాళ్లు వరసగా కూలుతుంటే కల్నల్ హెన్రీ బర్గ్విన్ తనే అందుకున్నాడు, తూటా తగిలి ఆ రోజే పోయాడు. వయసు 21. తర్వాత జెండా ఎత్తిన లెఫ్టినెంట్ కల్నల్ జాన్ లేన్‌కి తూటా మెడలోంచి దూసుకెళ్లింది, అయినా బతికాడు. లేన్‌ని కాల్చిన మిషిగన్ సైనికుడు చార్లెస్ మెక్‌కానెల్. 1903లో ఇద్దరూ ఇదే ఊళ్లో కలిసి చేతులు కలుపుకున్నారట. ఇది వినగానే, అప్పటిదాకా మూతి ముడుచుకున్న అత్తయ్యగారు, వాళ్లేం మాట్లాడుకుని ఉంటారండీ అని గైడుని అడగమన్నారు.

ఈ వీరగాథ ఊపులో బావగారు కొట్టుకుపోలేదు. వీళ్లు పోరాడింది బానిసత్వం నిలబెట్టడానికేగా అన్నారు. గైడు దాటవేయలేదు. బర్గ్విన్‌లది రోనోక్ నది ఒడ్డున బానిసలతో పండించిన తోటల కుటుంబమనీ, కిన్సియన్ అనే బానిస కూడా కల్నల్ వెంట ఇక్కడి దాకా వచ్చాడనీ, యజమాని చనిపోయాక అతని సామాను ఇంటికి చేర్చింది అతనేననీ చెప్పాడు. లాడ్జి వాళ్ల రంగుల బ్రోషర్‌లో దెయ్యాలకి రెండు పేజీలు, బానిసత్వం ఊసే లేదు.

ఆ రెజిమెంట్‌లో మిగిలినవాళ్లు జూలై 3న జనరల్ పెటిగ్రూ వెంట మళ్లీ దాడికి వెళ్లారు. ఆ రెజిమెంట్ రెండో స్మారకం ఉన్నది ఏబ్రహం బ్రయన్ అనే, బానిస కాని నల్లజాతి రైతు పొలం దగ్గర, అదీ చూడండి. పార్కులో తిరగడానికి టికెట్ లేదు, మ్యూజియానికి మాత్రం కొనాలి. జూలై మొదటి వారంలో వెళ్లొద్దు, జనం విపరీతం. ఊళ్లో కాకుండా మేరీల్యాండ్‌లోని ఫ్రెడరిక్‌లో ఏదో మామూలు హోటల్లో దిగండి, ముప్పావు గంట డ్రైవ్, అంతే. రాలీ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఇంకో మాట, 1867లో బర్గ్విన్ అవశేషాలు తీసుకొచ్చి మన ఓక్‌వుడ్ శ్మశానంలోనే పెట్టారు. మేం వచ్చే ఆదివారం వెళ్తున్నాం, పులిహోర ఈసారి ఇంట్లోనే తినేసి.