చాటమ్ బంగళానా, మ్యాట్సన్ ఇల్లా? షికాగో నల్లజాతి మధ్యతరగతికి ఏది మేలు?

తెలుగువాళ్ళకు షికాగో శివారు అనగానే నేపర్‌విల్, షాంబర్గ్, బాలాజీ గుడి ఉన్న అరోరా గుర్తొస్తాయి. అవన్నీ పడమర, వాయవ్యం వైపువి. దక్షిణాన ఇంకో శివారు లోకం ఉంది: హోమ్‌వుడ్, ఫ్లాస్‌మూర్, ఒలింపియా ఫీల్డ్స్, మ్యాట్సన్, కంట్రీ క్లబ్ హిల్స్. నగర దక్షిణ భాగమైన సౌత్ సైడ్ వదిలిన నల్లజాతి టీచర్లు, నర్సులు, పోస్టాఫీసు ఉద్యోగుల కుటుంబాలు పెద్ద సంఖ్యలో చేరింది ఇటే. 1980లో షికాగో నగరంలో నల్లజాతివారు దాదాపు 12 లక్షలు. 2020 జనగణన నాటికి 8 లక్షల లోపు. అందరూ శివారుకే పోలేదు. అట్లాంటా దారి పట్టినవాళ్ళున్నారు, పక్క రాష్ట్రం ఇండియానాలో తేలినవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళు వదిలి వెళ్ళే పేటల్లో పేరున్నది చాటమ్. 1948లో సుప్రీంకోర్టు, నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదనే జాతి ఆంక్షల దస్తావేజులు కోర్టుల్లో చెల్లవన్నాక, 50లలో నల్లజాతి మధ్యతరగతి ఇక్కడ ఇళ్ళు కొంది. 1956లో గాయని మహేలియా జాక్సన్ కొన్న ఇంటి కిటికీల మీదికి తుపాకులు పేల్చారు. పేటలోని తెల్లవాళ్ళు పదేళ్ళు తిరక్కుండా పేట ఖాళీ చేశారు. మ్యాట్సన్‌లో ఇదే కథ 80లలో, 90లలో నెమ్మదిగా నడిచింది. 1995లో ఊరి పాలకవర్గం తెల్లవాళ్ళను రప్పించడానికి ప్రకటనల ప్రచారమే పెట్టింది. ఫలితం దక్కలేదు, నేడు మ్యాట్సన్ ప్రధానంగా నల్లజాతి ఊరు.

ఇక లెక్కలోకి వద్దాం. రెండు జీతాలు, ఇద్దరు పిల్లలు, 2 లక్షల డాలర్ల ఇల్లు కొనే స్తోమత ఉన్న కుటుంబం అనుకుందాం.

మొదట అడగాల్సింది ఇంటి గురించి కాదు, ఉద్యోగం గురించి. షికాగో నగర ఉద్యోగి నగర సరిహద్దు లోపలే కాపురం ఉండాలి. పోలీసులకు, ఫైర్ సిబ్బందికి ఇదే నియమం. 1996 నవంబరు తర్వాత చేరిన ప్రభుత్వ బడి టీచర్లకూ, కొద్ది మినహాయింపులతో, ఇదే వర్తిస్తుంది. పోస్టాఫీసు కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి ఆ బెడద లేదు. అక్క ఇంటి అడ్రసు ఇచ్చి శివారులో కాపురం పెట్టే ఎత్తు పాతదే, దొరికిపోవడమూ పాతదే. శివారు ఇంటికి యజమాని మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి పన్ను తగ్గింపు) కోరితే ‘నా ప్రధాన నివాసం ఇదే’ అని సంతకం చేసి సాక్ష్యం చేతికిచ్చినట్టు. కోరకపోతే, ఇప్పుడు చెప్పబోయే లెక్క ప్రకారం, ఏటా 1,500 డాలర్లు పోతాయి. కాబట్టి ఇద్దరిలో ఒకరిది నగరం ఉద్యోగమైనా శివారు మాట పింఛను దాకా మరచిపోవాలి.

ఆ తర్వాతది ఆస్తి పన్ను. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చాటమ్, మ్యాట్సన్ రెండూ కుక్ కౌంటీలోనే ఉన్నాయి, లెక్కగట్టే పద్ధతీ ఒకటే. ఇంటి మార్కెట్ విలువలో పదో వంతు తీసుకుంటారు: 2 లక్షలకు 20 వేలు. దాన్ని రాష్ట్రం ఏటా ప్రకటించే గుణకంతో హెచ్చిస్తారు. ఈమధ్య అది 3కి అటూ ఇటూగా ఉంది, అంటే 60 వేలు. సొంతంగా ఉండే ఇంటికి 10 వేలు మినహాయిస్తారు. మిగిలిన 50 వేల మీద స్థానిక రేటు పడుతుంది. నగరంలో ఆ రేటు దాదాపు 7 శాతం: 3,500 డాలర్లు. దక్షిణ శివారులో 15 శాతం దాటిన ఊళ్ళు ఎన్నో. 15 వేసుకున్నా 7,500. 20 అయితే 10 వేలు.

తేడా 4 వేలు అనుకుంటే నెలకు 333 డాలర్లు. 7 శాతం వడ్డీతో ముప్పై ఏళ్ళ గృహరుణం మీద అదే 333తో ఇంకో 50 వేల డాలర్ల అప్పు తీర్చవచ్చు. అంటే, ఇల్లు ఖరీదైన కొద్దీ పెరిగే నగర పన్నునూ కలుపుకుంటే, 2 లక్షల మ్యాట్సన్ ఇంటికి పడే నెలసరి భారం, 2.4 లక్షల నగరం ఇంటితో దాదాపు సమానం. శివారులో ‘ఇంత పెద్ద ఇల్లు ఇంత చవకా’ అని ఆశ్చర్యపోయేవాళ్ళకు ఇదే జవాబు: పన్ను ఎక్కువని తెలిసే కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు.

రేటు ఎందుకంత? బడికి, ఫైర్ స్టేషన్‌కు, రోడ్లకు కావాల్సిన మొత్తం ముందు తేల్చి, ఊళ్ళోని ఆస్తుల విలువతో భాగిస్తారు. దుకాణాలు, గోదాములు ఉన్న ఊళ్ళో వాటి మీద కొంత పడుతుంది. అవి మూతపడితే ఆ వాటా ఇళ్ళ మీదికి జరుగుతుంది. మ్యాట్సన్‌లో 1973లో తెరిచిన లింకన్ మాల్ 2015లో మూతపడింది, తర్వాత కూల్చేశారు. 2023లో దక్షిణ శివారు ఆస్తులకు మళ్ళీ విలువ కట్టారు. ఇళ్ళ విలువ వ్యాపార ఆస్తుల కంటే వేగంగా పెరిగింది. 2024లో వచ్చిన బిల్లుల్లో అక్కడి ఇళ్ళ మధ్యస్థ పన్ను సుమారు 20 శాతం ఎగిరింది. విలువ కట్టడం మూడేళ్ళకోసారి. నోటీసు వచ్చాక అప్పీలుకు నెల రోజులే గడువు. అక్కడ తప్పినా కౌంటీ రివ్యూ బోర్డు దగ్గర రెండో అవకాశం ఉంటుంది.

దుకాణాలు పోవడం మాత్రం శివారుకే చెందిన జబ్బు కాదు. చాటమ్‌లో టార్గెట్ 2019లో, వాల్‌మార్ట్ 2023లో మూతపడ్డాయి. పేట గర్వంగా చెప్పుకున్న నల్లజాతి బ్యాంకు సీవే 2017లో కుప్పకూలింది. తేడా ఏమిటంటే, నగరంలో ఒక పేట దుకాణం మూతపడితే ఆ పన్ను లోటు నగరమంతా పంచుకుంటుంది. శివారులో ఆ ఊరే మోయాలి.

కొనేటప్పుడు రెండు చోట్లా ఒకే ఉచ్చు ఉంది. అమ్మేది ఒంటరి ముసలావిడ అయితే పాత బిల్లులో వృద్ధుల మినహాయింపు, విలువ స్తంభన (పన్ను లెక్కకు ఇంటి విలువను ఒకచోట ఆపేయడం) రెండూ కలిసి ఉండవచ్చు. ఉదాహరణకు బిల్లు 2,000 అని ఉంది. అప్పిచ్చిన సంస్థ దాన్ని పన్నెండుతో భాగించి నెల వాయిదాలో కలుపుతుంది. కుక్ కౌంటీలో పన్ను ఒక ఏడాది ఆలస్యంగా కడతారు. మొదటి విడత నిరుటి మొత్తంలో 55 శాతం మాత్రమే. అందుకే అసలు సంగతి రెండో విడత దాకా బయటపడదు. మినహాయింపులు పోయి 3,500 అవుతుంది. పాత లోటు 1,500ను పన్నెండు నెలల్లో రాబడతారు: నెలకు 125. కొత్త స్థాయికి పెంచినందుకు ఇంకో 125. ఉన్నట్టుండి వాయిదా 250 పెరుగుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళకముందే కౌంటీ వెబ్‌సైట్‌లో ఆస్తి నంబరు కొట్టి, ఏ మినహాయింపులున్నాయో చూసి, అవి తీసేసి లెక్క వేసుకోవాలి.

నగరానికి ఎదురు లెక్క కూడా ఉంది. షికాగోలో ఇల్లు కొనేవారు ప్రతి వెయ్యికి 7.50 డాలర్లు బదిలీ పన్ను కట్టాలి. 2 లక్షలకు 1,500. ఒక్కసారే కాబట్టి సర్దుకోవచ్చు. శివారు ఊళ్ళు చాలా వాటిలో అమ్మకానికి ముందు ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి, నీటి బకాయి తీరాలి, అప్పుడే స్టాంపు వేస్తారు. కాలిబాట పగులు, మెట్లకు చేతిపట్టు కమ్మీలు లేకపోవడం లాంటివే ఒప్పందాన్ని వారాల తరబడి ఆపుతాయి.

ఇళ్ళ సంగతి. చాటమ్ బంగళా అంటే మన బంగళా కాదు: 1910–40 మధ్య కట్టిన ఒకటిన్నర అంతస్తుల ఇటుక ఇల్లు, ముందు వెడల్పు కిటికీలు, కింద పూర్తి బేస్‌మెంట్. గోడలకు ఢోకా లేదు. తలనొప్పులు నేల కిందే. షికాగోలో వాన నీళ్ళకూ మురుగుకూ ఒకటే గొట్టం. కుంభవృష్టి కురిస్తే ఆ గొట్టం నిండి, బేస్‌మెంట్ నేల కన్నంలోంచి మురుగు పైకి తన్నుతుంది. నగరంలో ఈ బాధ ఎక్కువున్న పేటల్లో చాటమ్ ఒకటి. చవకైన చిట్కా, ఆ కన్నంలో రెండు మూడు అడుగుల నిలువు గొట్టం బిగించడం. నీటిమట్టం అంతకు మించితే పొంగుతుంది; బేస్‌మెంట్‌లో టాయిలెట్ ఉంటే అక్కణ్ణుంచే వస్తుంది. ఒకవైపు కవాటం పెడితే బయటి నీరు లోపలికి రాదు, కానీ అది మూసుకున్నంతసేపు మీ నీరూ బయటికి పోదు. వానలో వాషింగ్ మెషీన్ వేస్తే మీ బేస్‌మెంట్‌ను మీరే ముంచుకుంటారు. గట్టి పరిష్కారం, మురుగు గొట్టాన్ని బేస్‌మెంట్ పైకప్పు ఎత్తుకు మార్చి, కింది నీటిని పంపుతో ఎత్తిపోయడం. దీనికి పది వేల డాలర్లు దాటుతుంది, కరెంటు పోతే పంపు ఆగకుండా బ్యాటరీ కావాలి. మామూలు ఇంటి బీమా మురుగు పొంగును కవర్ చేయదు, విడిగా చేర్పించుకోవాలి.

రెండోది సీసం. 1986 దాకా షికాగో నిబంధనలే ఇళ్ళకు సీసపు మంచినీటి గొట్టం వేయమన్నాయి. ఇప్పటికీ దాదాపు 4 లక్షలు భూమిలో ఉన్నాయి. మీటరు దగ్గర గొట్టాన్ని నాణెంతో గీకి చూడండి: మెత్తగా గీత పడి, వెండిలా మెరిసి, అయస్కాంతం అంటకపోతే సీసమే. మార్చేదాకా సీసాన్ని వడకట్టే సర్టిఫికెట్ ఉన్న ఫిల్టరు వాడాలి. మరిగిస్తే సీసం పోదు.

మ్యాట్సన్ వైపు 60, 70ల నాటి ఇళ్ళు ఎక్కువ. స్థలం పెద్దది, కారు షెడ్డు ఇంటికి అతుక్కునే ఉంటుంది, రాగి గొట్టం ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ చూడాల్సింది 1965–73 మధ్య కొన్ని ఇళ్ళలో వేసిన అల్యూమినియం వైరింగు. స్విచ్చుల దగ్గర వదులై వేడెక్కుతుంది. సంప్ పంపు (ఇంటి కింది గుంటలో చేరే నీటిని బయటికి తోడేది) వయసూ అడగాలి.

బడులు: నగరంలో ఇల్లు ఎక్కడున్నా పిల్లవాడు ఎంపిక పరీక్ష రాసి 11 ప్రత్యేక హైస్కూళ్ళలో దేనికైనా పోటీ పడవచ్చు. 900 మార్కుల్లో సగం పరీక్షవి, సగం ఏడో తరగతి గ్రేడ్లవి. వాటిలో పేరున్న బడిలో సీటు వస్తే దక్షిణ శివారు బడి ఏదీ సాటి రాదు. రాకపోతే ఏమిటన్నదే భయం. 2013లో నగరం ఒక్కసారిగా 50 బడులు మూసిన జ్ఞాపకం సౌత్ సైడ్‌లో ఇంకా పచ్చిగానే ఉంది. శివారులో పోటీ లేదు, మీ వీధి ఏ బడి జిల్లాలో (బడులు నడిపే స్థానిక పరిధిలో) పడితే ఆ బడి. ఫ్లాస్‌మూర్, హోమ్‌వుడ్‌లది 233వ జిల్లా, మంచి పేరున్న ఒకే హైస్కూలు. మ్యాట్సన్ పిల్లలు 227వ జిల్లాకు వెళతారు. అది 2020లో మూడు బడుల్లో ఒకటి మూసి, మిగతా రెండింటినీ కలిపింది. ఒలింపియా ఫీల్డ్స్‌లో చిక్కు: ఊరు రెండు జిల్లాల మధ్య చీలి ఉంది. ఏజెంటు మాట వద్దు, పన్ను బిల్లులో హైస్కూలు జిల్లా నంబరు ఉంటుంది, అది చదవండి.

రైలు విషయంలో శివారుకు న్యాయం చేయాలి. శివారు రైలు మెట్రా ఎలక్ట్రిక్ లైను ఫ్లాస్‌మూర్, ఒలింపియా ఫీల్డ్స్, మ్యాట్సన్‌ల మీదుగా నేరుగా డౌన్‌టౌన్ చేరుస్తుంది, కానీ టైమ్‌టేబుల్ ప్రకారమే నడుస్తుంది. చాటమ్‌లో నగర రైలు రెడ్ లైను 79, 87 వీధుల స్టేషన్ల మీదుగా రాత్రంతా తిరుగుతుంది. రాత్రి డ్యూటీ నర్సుకు ఈ ఒక్క తేడా చాలు. శివారులో ఆమెకు సొంత కారు తప్పదు, ఇంటికి రెండు కార్లు.

నా తీర్పు: నగరం ఉద్యోగం, రాత్రి డ్యూటీ, చదువులో చురుకైన పిల్లలు, వీటిలో ఏది ఉన్నా చాటమ్. బేస్‌మెంట్‌కు 15 వేలు పక్కన పెట్టుకుని కొనాలి. ఉద్యోగాలు డౌన్‌టౌన్‌లో పగటిపూటవై, పన్నుతో కలిపిన వాయిదా మోయగలిగితే 233వ జిల్లాలోని ఇల్లు. అంత స్తోమత లేక అదే రేటుతో పక్క ఊరికి వెళ్ళడం నాకు నచ్చని బేరం.

ఇండియానా? అక్కడ సొంతింటి పన్నుకు విలువలో 1 శాతం గరిష్ఠ పరిమితి ఉంది (ఓటర్లు ఆమోదించిన బడి పన్నులు దానికి బయట). 2 లక్షల ఇంటికి 2,000. షికాగోలో పనిచేస్తూ అక్కడుంటే జీతం మీద ఇల్లినాయ్ 4.95 శాతం మామూలుగానే కోస్తుంది, షికాగో పక్కనున్న ఇండియానా లేక్ కౌంటీ 1.5 శాతం అదనం. రిటైరైన టీచరుకు లెక్క ఇంకోలా తిరుగుతుంది. ఇల్లినాయ్ పింఛను మీద ఆదాయ పన్ను వేయదు, ఇండియానా వేస్తుంది. 60 వేల పింఛనుకు రాష్ట్రం, కౌంటీ కలిపి 2,700 దాకా. 2,000 ఇంటి పన్నుతో కలిపితే 4,700. మ్యాట్సన్ 7,500 కంటే నయమే. చాటమ్‌లో ఆ టీచరు కట్టేది 3,500, వృద్ధుల మినహాయింపు కలిస్తే ఇంకా తక్కువ.