ట్యాంకులో తలకు ఏది మేలు: మెత్తటి టోపీనా, గట్టి హెల్మెట్టా?

అర్జున్ ట్యాంకుకు తొడిగిన కంచన్ కవచం మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో రూపుదిద్దుకుంది. ఆ పేట పేరే దానికి పెట్టారు. సైనికులను మోసే రష్యన్ కవచ వాహనం బీఎంపీ-2 నమూనాలోని సారథ్ వాహనాలు నగరానికి పడమటన ఎద్దుమైలారంలో తయారవుతాయి. అంత మందపాటి లోహం మధ్య కూర్చున్నవాడికి తలపై వేరే రక్షణ ఎందుకు? తిరుమలగిరిలో ఉండే మా బాబాయిని అడిగాను. ఆయన రష్యన్ ట్యాంకు టి-72కి డ్రైవరుగా పనిచేశారు. “తూటా కోసం కాదురా, తల ఇనుముకు కొట్టుకోకుండా!” అన్నారు.

అయితే 1916లో తొలి బ్రిటిష్ ట్యాంకుల్లో సమస్య ఇంకోలా ఉండేది. బయట తూటా తగిలితే లోపలివైపు లోహపు తునకలు లేచి ముఖాన పడేవి. అందుకే తోలు హెల్మెట్లతోపాటు, నోటి మీదికి ఇనుప గొలుసుల తెర వేలాడే ముసుగులు ఇచ్చారు. తర్వాత జర్మన్లు లోపల మెత్త పెట్టిన నల్ల టోపీ వాడి చూశారు. దానితో రేడియో హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం ఇబ్బందై మానేశారు.

చివరికి నిలిచినవి రెండు దారులు.

మొదటిది రష్యన్ల మెత్తటి టోపీ. గుడ్డ మీద లావుపాటి మెత్తల వరుసలు, చెవుల దగ్గర హెడ్‌ఫోన్లు, గొంతుకు ఆనుకునే మైకు. టి-72 లోపల చోటు చాలా తక్కువ. అక్కడ తేలికగా, తలను అంటిపెట్టుకుని ఉండే టోపీయే హాయి. గొంతు మైకు కంఠం అదురును పట్టుకుంటుంది కాబట్టి ఇంజను రొద మాటలో కలవదు. కానీ స, ష వంటి ఊపిరి శబ్దాలు మసకబారిపోతాయి. ఆ అలవాటుతోనే బాబాయి నేటికీ ఫోన్లో అంకెలు రెండేసిసార్లు చెబుతారు. ఈ టోపీ తునకను మాత్రం ఆపలేదు.

రెండోది అమెరికన్లది. 1938 నమూనా అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్ల హెల్మెట్ లాంటిది, గాలి కోసం రంధ్రాలున్నది. దెబ్బ నుంచి కాపాడుతుంది, తునకను ఆపదు. అందుకే కొందరు దాని మీద ఉక్కు హెల్మెట్ కూడా పెట్టుకునేవారు. ఆ కొరత తీర్చింది తర్వాత వచ్చిన డీహెచ్-132: లోపల హెడ్‌ఫోన్లున్న మెత్తటి టోపీ, పైన విడిగా తీయగలిగే కెవ్లార్ (తునకలను ఆపే గట్టి నార) చిప్ప, నోటి ముందు మైకు. బరువు ఎక్కువే.

ఆ బరువు ఎవరు మోయాలి? నా దృష్టిలో కమాండర్ తప్పక మోయాలి. చుట్టూ చూడటానికి అతడు తల బయట పెట్టాల్సిందే. 1973 అక్టోబరులో అరబ్బులతో జరిగిన యుద్ధంలో అలా నిలబడి పోరాడిన ఇజ్రాయెల్ కమాండర్లు చాలామంది చనిపోయారు, గాయపడ్డారు. మూసిన తలుపు కింద ఉండే డ్రైవరుకు, గన్నరుకు మెత్తటిదే చాలు. అందరికీ ఒకే రకం ఇవ్వాలంటే మాత్రం చిప్ప తీసి పెట్టుకోగల రెండు పొరలదే నా ఎంపిక.

కానీ చిప్ప కన్నా ముందు నేను చెవి మెత్తలను చూస్తాను. తునక ఏనాడో ఒకసారి రావచ్చు, ఇంజను రొద మాత్రం రోజూ గంటల తరబడి చెవిలో పడుతుంది. బాబాయి తలపై గాయపు మచ్చ ఒక్కటీ లేదు. ఆయనతో మాట్లాడాలంటే మాత్రం ఇంట్లో అందరం కుడివైపు కూర్చుంటాం.