ఒక్క రాత్రిలోనా, ఒక్కో చట్టంతోనా? పెరూ 1992, హంగరీ 2010

పెరూలో అధ్యక్షుడైన ఫుజిమోరి, హంగరీలో ప్రధాని అయిన ఓర్బాన్ ఇద్దరూ జనాకర్షణ ఉన్న నేతలే, ఇద్దరూ ఓట్లతోనే గద్దెనెక్కారు. పగ్గాలన్నీ గుప్పిట్లోకి తెచ్చుకున్న దారులు వేరు.

1990లో గెలిచిన ఫుజిమోరికి పెరూ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో మెజారిటీ లేదు. 1992 ఏప్రిల్ 5న సైన్యం అండతో దాన్ని రద్దు చేశాడు. ధరల మంటతో, తీవ్రవాద హింసతో విసిగిన జనంలో ఎక్కువమంది సమర్థించారు. అయితే జరిగింది ప్రపంచమంతా చూసింది. విదేశాల ఒత్తిడికి తలొగ్గి నవంబరులో కొత్త సభకు ఎన్నికలు పెట్టాడు.

హంగరీలో ట్యాంకుల అవసరమే రాలేదు. 2010లో ఓర్బాన్ కూటమికి సుమారు 53 శాతం ఓట్లు, 386లో 263 సీట్లు వచ్చాయి. మూడింట రెండు వంతులు దాటితే అక్కడ రాజ్యాంగాన్నే మార్చవచ్చు, మార్చారు. రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జీలను 11 నుంచి 15కు పెంచారు. మిగతా కోర్టుల్లో పదవీ విరమణ వయసును 70 నుంచి 62కు దించి సీనియర్లను ఇంటికి పంపారు. పత్రికలు, టీవీలపై నియంత్రణ ఉన్న మీడియా మండలి సభ్యులకు తొమ్మిదేళ్ల పదవీకాలం ఇచ్చారు, అంటే ప్రభుత్వం మారినా వాళ్లు మారరు. సీట్లను 199కి తగ్గించి నియోజకవర్గాల హద్దులు తిరగగీశారు. 2014లో దాదాపు 45 శాతం ఓట్లకే 133 సీట్లు!

మా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదం. ప్రతి అడుగూ చట్టబద్ధంగా కనిపిస్తుంది, ఏ రోజున వీధిలోకి రావాలో పౌరుడికి తెలియదు. జడ్జీల వయసు నిబంధన చెల్లదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2012 నవంబరులో తేల్చేసరికే చాలా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చున్నారు. అందుకే ప్రసంగాలకన్నా నియామకాల నిబంధనలను, పదవీకాలాలను, నియోజకవర్గాల పటాలను ముందుగా చదవాలి.