పికప్‌లో బయటి వేడి చూపే సెన్సర్ పాడైతే: వైరు అతికించడం మేలా, సెన్సర్ మార్చడం మేలా?

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అనంతపురం ఎండ ఎట్లా ఉంటుందో తెలిసిందే. మా పికప్ మీటర్లో మాత్రం బయట మైనస్ 40 డిగ్రీలని చూపిస్తోంది. అంకె ఒక్కటే తప్పయితే పట్టించుకునేవాణ్ణి కాదు. దాంతో పాటే ఏసీలో చల్లగాలి ఆగిపోయింది. గ్యాస్ పోయిందేమో అనుకున్నాను. చూపిస్తే గ్యాస్ సరిగ్గానే ఉంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న చాలా బండ్లలో, బయట గడ్డకట్టే చలి ఉందని సెన్సర్ చెబితే కంప్రెసర్‌ను, అంటే ఏసీ గ్యాసును ఒత్తి తిప్పే పంపును, ఆన్ కానివ్వరు. అంత చలిలో కంప్రెసర్ తిరిగితే పాడవుతుందని ముందు జాగ్రత్త. మా బండి ఆ లెక్కనే అనంతపురంలో మంచు కురుస్తోందని నమ్మి ఏసీ ఆపేసింది.

మొదట చూసిన మెకానిక్ బంపర్ వైపు తొంగి కూడా చూడకుండా, "సెన్సర్ పోయింది, మార్చల్లన్నా" అన్నాడు. ఇంకొక పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోతే ఆయన మీటర్లో అంకె చూసి, "మైనస్ 40 అంటాంది కదా, ముందు వైరు చూద్దాంలే" అన్నాడు. ఆ మాట వెనక ఉన్న లెక్క తెలిస్తే ఎవరికైనా డబ్బు మిగులుతుంది.

ఆ సెన్సర్ ముందు బంపర్ వెనక, ఏసీ కండెన్సర్‌కు (గ్యాసు వేడిని బయటికి వదిలే జాలీకి) ముందు ఉంటుంది. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, రెండు వైర్లు, అంతే. లోపల ఉండేది థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డం, తగ్గుతుంది, చలి పెరిగే కొద్దీ పెరుగుతుంది. వైరు తెగిపోతే బండి కంప్యూటర్‌కు రెసిస్టెన్స్ అంతులేకుండా కనిపిస్తుంది, కాబట్టి తను చూపగలిగిన అన్నిటికన్నా ఎక్కువ చలి, అంటే చాలా బండ్లలో మైనస్ 40, చూపిస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే దానికి తలకిందులు, నమ్మలేనంత వేడి చూపిస్తుంది. కొన్ని బండ్లు అంకెకు బదులు గీతలు చూపిస్తాయి.

ఆయన చేసిన పరీక్ష ఇది. ఇగ్నిషన్ ఆపి, సెన్సర్ ప్లగ్గు ఊడదీశాడు. బండి వైపున్న రెండు పిన్నులను సన్నటి వైరు ముక్కతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేశాడు. అంకె మైనస్ 40 నుంచి పైకి ఎగబాకితే వైరింగ్ బాగున్నట్టు, సెన్సర్ చచ్చినట్టు. కదలకుంటే సెన్సర్ వరకూ వచ్చే దారిలో ఎక్కడో తెగినట్టు. మాది కదల్లేదు. ఇది చేసేటప్పుడు ఒక జాగ్రత్త: అక్కడే హారన్ ప్లగ్గు, ఏసీ ప్రెషర్ స్విచ్ ప్లగ్గు కూడా ఉంటాయి. ఏది ఏదో ఖాయం చేసుకోకుండా పిన్నులు కలపకూడదు.

సెన్సర్‌ను కూడా వదల్లేదు. మల్టీమీటర్ తగిలించి, టీ గ్లాసులో ఐసు నీళ్లు పోసి అందులో దాని మూతి ముంచాడు. ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) పెరిగాయి. బయటికి తీసి గుప్పిట్లో పట్టుకుంటే నెమ్మదిగా దిగాయి. అంటే సెన్సర్ నిక్షేపంగా ఉంది. బంపర్ విప్పితే ఒక వైరును ఎలుక కొరికింది. శెనక్కాయ మూటలున్న షెడ్డులో బండి నిలపడం నా తప్పే.

ఇక ఏది మేలు అంటే, తెగింది వైరయితే వైరు అతికించడమే మేలు. కొత్త సెన్సర్ కొన్నా మైనస్ 40 అలాగే ఉంటుంది. కానీ అతుకు ఎట్లా వేస్తున్నారో దగ్గరుండి చూడాలి. మెలిపెట్టి టేపు చుట్టేస్తే మన ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. ఆ తర్వాత వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ను కొట్టగానే నీళ్లు చేరి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన అతుకు రెసిస్టెన్స్ పెంచుతుంది కాబట్టి మీటరు ఉన్నదానికన్నా తక్కువ వేడి చూపిస్తుంది, అప్పుడు మళ్లీ సెన్సర్ మీద అనుమానం మొదలవుతుంది. సాల్డరింగ్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడిగి వేడి చేయించండి. ప్లగ్గులోనే చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నటి బ్రష్షుతో రుద్దితే చాలు.

సెన్సరే చచ్చిందని తేలితే కంపెనీదే వేయమంటాను. బజారులో దొరికేది మూడో వంతు ధరకే రావచ్చు, ప్లగ్గు కూడా సరిపోవచ్చు, కానీ లోపలి విలువ సరిపోవాలి కదా. 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్స్ ఉండేవి ఉన్నాయి, 2 వేల దగ్గర ఉండేవీ ఉన్నాయి. 10 వేలది ఉండాల్సిన చోట 2 వేలది పెడితే మామూలు రోజున కూడా మీటరు 60 దాటి చూపిస్తుంది. పాత సెన్సర్ మీది పార్ట్ నంబరుతో పోల్చి చూసి, అదే విలువ అని ఖాయమైతే బజారుదీ తీసుకోవచ్చు.

సెన్సర్ బదులు, 25 డిగ్రీల దగ్గర దానికుండే విలువే ఎప్పటికీ మారకుండా ఉండే రెసిస్టర్ ముక్క గుచ్చేవాళ్లు కూడా ఉన్నారు. హైవే మీద, పిల్లలతో, ఏసీ లేక ఆగిపోయినప్పుడు ఊరు చేరడానికి అది పనికొస్తుంది. అదే పెట్టుకుని వేసవంతా నడిపితే నష్టం మనకే. బయట ఎప్పుడూ 25 డిగ్రీలే అని బండి నమ్ముతుంది, 43 డిగ్రీల ఎండలో ఆటో మోడ్‌లో ఫ్యాను తగ్గించేసి, చల్లదనం చాల్లే అనుకుంటుంది.

ఇంకొక మాట. ఎండలో నిలిపిన బండి స్టార్ట్ చేయగానే 50 చూపిస్తే కంగారు పడి సెన్సర్ మార్చకండి. ఇంజిన్ వేడి, రోడ్డు వేడి దానికి తగులుతాయి, నాలుగైదు కిలోమీటర్లు గాలిలో నడిస్తే దిగుతుంది. నడిచినా దిగకుంటే, ఈమధ్య బంపర్ పని చేయించారేమో గుర్తు చేసుకోండి. క్లిప్పు పెట్టకుండా వదిలేసిన సెన్సర్ వేలాడి కండెన్సర్‌కు ఆనుకుని ఉంటుంది. క్లిప్పులో మళ్లీ కూర్చోబెడితే సరి.

మీ పికప్‌లో గుండీ తిప్పే మామూలు ఏసీ ఉండి, అది చల్లగానే వస్తుంటే ఈ ఖర్చేదీ వద్దు. చాలా బండ్లలో అప్పుడు ఆ అంకె చూసుకోవడానికి మాత్రమే. మాది ఆటోమేటిక్ కాబట్టి అతుకు వేయించాం. ప్లగ్గు పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటర్లో 41 పడింది, కంప్రెసర్ టక్కుమని అందుకుంది.