తబ్రీజ్‌లో పోయిన తొమ్మిది లక్షలు

తొమ్మిది లక్షలంటే కంగారు పడకండి, తొమ్మిది లక్షల ఇరాన్ తోమాన్లు. అప్పటి రేటుకి మన డబ్బుల్లో 1,260 రూపాయలు. అయినా మా ఆయన దానికి రెండు రోజులు మూతి ముడుచుకున్నారు.

2024 అక్టోబరులో ఇరాన్ వెళ్ళాం. అక్కడ మన కార్డులేవీ పనిచేయవు, డాలర్లు పట్టుకెళ్ళాల్సిందే. తబ్రీజ్ బజారు బయట వీధిలో ఒకతను వంద డాలర్లకి అరవై లక్షల తోమాన్లు ఇస్తానన్నాడు. అరవై నోట్లు మా ముందే లెక్కపెట్టాడు. హోటల్‌కి వచ్చి చూస్తే పైనా కిందా వందలు, అంటే లక్ష తోమాన్ల నోట్లు, మధ్యలో పద్దెనిమిది యాభైలు, అంటే యాభై వేలవి! నోటు మీద విలువ రియాళ్ళలో ఉంటుంది (పది రియాళ్ళు ఒక తోమాన్), చివరి నాలుగు సున్నాలు వెలిసిపోయినట్టు ముద్రిస్తారు, అందుకే లక్ష తోమాన్ల నోటు వందలా కనిపిస్తుంది. పార్శీలో సున్నా అంటే చుక్క. ఐదేమో తలకిందులుగా పట్టుకున్న తమలపాకులా ఉంటుంది. ఆ తమలపాకుని మేం గుర్తుపట్టలేదు.

తమాషా ఏంటంటే, ఈ ఊళ్ళో నోట్ల గొడవ కొత్తేం కాదు. 1256 నుంచి 1335 దాకా ఇరాన్‌ని ఏలిన మంగోలు ఇల్‌ఖానుల్లో గైఖాతూ అని ఒకడున్నాడు. ఖజానా ఊడ్చిపెట్టుకుపోతే 1294లో చైనాని చూసి ఇక్కడ కాగితపు డబ్బు దించాడు. తీసుకోకపోతే తల తీస్తామన్నారు. జనం దుకాణాలు మూసేశారు, ఊళ్ళో తిండి దొరకలేదు, చివరికి ఆ డబ్బే రద్దయింది. మరుసటి ఏడాది గైఖాతూనే చంపేశారు. 'తోమాన్' కూడా వాళ్ళు వదిలిపోయిన మాటే. తుమెన్ అంటే పదివేలు, మంగోలు సైన్యంలో పదివేల మంది దళం. నోటు మీద వెలిసిపోయిన సున్నాలు నాలుగే కదా! ఇదంతా చెబితే మా ఆయన, "నీ చరిత్ర వల్ల నా తొమ్మిది లక్షలు వస్తాయా?" అన్నారు.

ఆ రోజు శనివారం, ఆయన మాంసం ముట్టరు. తబ్రీజ్ కోఫ్తా నేనొక్కదాన్నే తిన్నాను. మూడు లక్షలు, అంటే 420 రూపాయలు. బత్తాయంత ఉండ, లోపల ఉడికించిన గుడ్డు. ఎదురుగా రొట్టె, చీజు నములుతూ ఆయన చూసిన చూపు మాత్రం అరగలేదు.

మరాఘా ఊళ్ళో మొదటి ఇల్‌ఖాను హులాగు 1259లో ఖగోళ శాస్త్రవేత్త నసీరుద్దీన్ తూసీ చేత మొదలుపెట్టించిన, నక్షత్రాలు చూసే వేధశాల ఉంది. ఇప్పుడు మిగిలింది పునాదులే. ఖగోళం పిచ్చి లేకపోతే వెళ్ళకండి.

సుల్తానియా మాత్రం వదలొద్దు. బస దగ్గర్లోని జంజాన్‌లో పెట్టుకోండి, మాకు గది పద్దెనిమిది లక్షలు (అప్పటి 2,520 రూపాయలు) పడింది, శుభ్రంగా ఉంది. అక్కణ్ణించి టాక్సీకి ఏడు లక్షలు, అంటే అప్పటి 980 రూపాయలు, తీసుకున్నాడు, రెండు గంటలు ఆగడంతో కలిపి. బయల్దేరేముందు మా ఆయన డ్రైవరు చేత ఫోన్లో అంకెలు కొట్టించి, ఫోటో కూడా తీసుకున్నారు.

చదునైన మైదానంలో దూరం నుంచే నీలి గుమ్మటం కనిపిస్తుంది. అది ఇల్‌ఖానుల్లో మరొకడైన ఓల్జైతూ సమాధి, 1312కి పూర్తయింది. దాదాపు 50 మీటర్ల ఎత్తు, ఇటుకతో రెండు పొరలు. ఈ ఓల్జైతూకి చిన్నప్పుడు నికోలస్ అని బాప్తిస్మం ఇచ్చారు, తర్వాత బౌద్ధం, సున్నీ, చివరికి షియా. ఇరుకు మెట్లెక్కి పై వరండాలోకి వెళ్ళండి. కప్పు మీద ఇటుకరంగు గచ్చు నగిషీ, ఒక అరలో ఉన్న డిజైను పక్క అరలో లేదు. మెడ నొప్పెట్టేదాకా చూశాను. మా ఆయన కూడా అక్కడ గంటసేపు డబ్బు ఊసెత్తలేదు.

గైఖాతూ చేత కాగితపు డబ్బు దింపించిన మంత్రి సద్రుద్దీన్‌ది ఈ జంజానేనని తిరుగుదారిలో చెప్పాను. పర్సు మీద ఆయన చెయ్యి బిగిసింది. దిగాక ఏడు నోట్లు చాపితే డ్రైవరు గుండెమీద చెయ్యి వేసుకుని "ఖాబెల్ నదారె" అన్నాడు, అంటే 'ఇదేం పెద్దది కాదండీ' అని. అలా డబ్బు వద్దనడం వాళ్ళ మర్యాద, మూడుసార్లు బతిమాలి ఇవ్వాలి. మా ఆయన మొదటిసారికే నోట్లు జేబులో పెట్టేసుకుని, "చూశావా, మంచివాళ్ళూ ఉన్నారు" అని లోపలికి నడిచారు. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కురావాల్సి వచ్చింది.